వేయిస్తంభాల గుడి సంస్కృత శాసనం: ఒక పాదం దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

రాతిబాట
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హనుమకొండే. చిన్నప్పటి నుంచి వేయిస్తంభాల గుడికి వెళ్తున్నా కానీ అక్కడున్న శాసనపు రాయి వైపు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆర్నెల్లుగా పాత తెలుగు లిపి నేర్చుకుంటున్నా. ఈ రోజు మొదటిసారి ఒక గంటసేపు దాని ముందే నిలబడ్డా. రాయిని తాకలేదు, దూరం నుంచి జూమ్ చేసి ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి కూర్చున్నా.

ఒక పద్యం దాదాపు మొత్తం వచ్చింది. ఆ ఆనందం మాటల్లో చెప్పలేను. నేను చదివింది ఇది:

శ్రీమత్త్రిభువనమల్లో రాజా కాకత్యవంశసంభూతః
ప్రబలరిపువగనారీ వైధవ్యవిధాయకాచార్యః

మొదటి పాదం అర్థమవుతోంది, కాకత్య వంశంలో పుట్టిన త్రిభువనమల్లుడనే రాజు. రెండో దాంట్లో "రిపువగనారీ" దగ్గర ఆగిపోయా. "వగ" అంటే తెలుగులో దుఃఖం, కానీ ఇది సంస్కృతం కదా? ఆ "గ"ని అంటుకుని కొక్కెంలా ఒక చిన్న గీత ఉంది, అది పగులేమో అనుకుంటున్నా.

ఇంకో రెండు సందేహాలు. త్రిభువనమల్లుడంటే కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుడు కదా, కాకతీయుల్లోకి ఎలా వచ్చాడు? రెండోది, శాసనంలో శక సంవత్సరం 1084 అని ఉంది. 78 కలిపితే 1162 వస్తుంది. పుస్తకాలన్నీ 1163 అంటాయి. ఎవరు తప్పు?

మాత్రాగణం
శనివారం, రాత్రి 10:15

పద్యం చూడగానే నోరు దానంతటదే లెక్కపెట్టేసింది. ఇది ఆర్య. పాదానికి అక్షరాలు కాదు, మాత్రలు లెక్క. 12, 18, 12, 15 రావాలి. మీరు చదివిన మొదటి సగం చూడండి, "శ్రీమత్త్రిభువనమల్లో" సరిగ్గా 12. "రాజా కాకత్యవంశసంభూతః" సరిగ్గా 18. చివర "వైధవ్యవిధాయకాచార్యః" సరిగ్గా 15.

ఇప్పుడు "ప్రబలరిపువగనారీ" లెక్కపెట్టండి. ప్ర, బ, ల, రి, పు, వ, గ అన్నీ లఘువులే (ఒక్కో మాత్ర), ఏడు. నా, రీ గురువులు (రెండేసి మాత్రలు), నాలుగు. మొత్తం 11. ఒక మాత్ర తక్కువైంది. పద్యం రాసిన కవి అంత పెద్ద శాసనంలో మాత్ర పోగొట్టుకోడు, అది చదివేటప్పుడే పోయింది. "వ" గురువు కావాలి. అంటే దాని తర్వాత సంయుక్తాక్షరం ఉండి తీరాలి.

అన్నట్టు ఆర్యకీ మన కందానికీ చుట్టరికం ఉంది. 12, 20, 12, 20 మాత్రలుండే ఆర్యాగీతి నుంచే కందం వచ్చింది. అందుకే కందాలు వంటబట్టిన చెవికి ఇది కొత్తగా అనిపించదు.

శాసనప్రియ
శనివారం, రాత్రి 10:50

రాతిబాట గారూ, మీరు పగులు అనుకున్నది పగులు కాదు నాయనా, రేఫ, అంటే "ర్" గుర్తు. "ప్రబలరిపువర్గనారీ." బలమైన శత్రువర్గపు స్త్రీలకు వైధవ్యాన్ని విధించే ఆచార్యుడు అని అర్థం. అక్కడ "ఆచార్య" అన్న మాటలోనే ఉంది చమత్కారం. ఆచార్యుడు దీక్ష ఇస్తాడు, వ్రతాలు విధిస్తాడు. ఈయన విధించే వ్రతం వైధవ్యం. మనకి ఇప్పుడు వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది, కానీ ఆ కాలపు ప్రశస్తుల్లో, అంటే రాజుల్ని పొగిడే పద్యాల్లో, ఇలాంటివి చాలా కనిపిస్తాయి.

నేను నలభై ఏళ్ళు సంస్కృతం పాఠాలు చెప్పాను. లిపి మాత్రం రిటైరయ్యాకే నేర్చుకున్నాను. మొదటి ఏడాది అంతా రేఫని పగులనీ, పగుల్ని రేఫనీ చదివాను. ఒక కిటుకు చెప్తాను. పాత శాసనాల్లో రేఫ తర్వాత హల్లుని తరచూ రెండుసార్లు రాస్తారు, ధర్మ్మ, పూర్వ్వ అని. కాబట్టి ఎక్కడైనా కారణం లేకుండా ఒత్తు కనబడితే అక్కడ రేఫ ఉందేమోనని వెతకండి. దొరుకుతుంది.

గోదారిగట్టు
ఆదివారం, ఉదయం 6:30

త్రిభువనమల్ల సందేహం మంచిది. అది విక్రమాదిత్యుడి బిరుదే (ఆరో విక్రమాదిత్యుడు, 1076 నుంచి 1126 దాకా పాలించినవాడు). కానీ ఇక్కడ చెప్పింది కాకతీయ రెండో బేతరాజు గురించి. సామంతులు తమ ప్రభువు బిరుదుని తామూ పెట్టుకునేవారు. తర్వాతి శ్లోకాల్లో ఆయన కొడుకు ప్రోలుడు, మనవడు రుద్రదేవుడు వస్తారు. ఈ గుడి కట్టించింది ఆ రుద్రదేవుడే.

ఇదే శాసనంలో ఇంకో విశేషం చూడండి. తాత పేరేమో చాళుక్య ప్రభువు బిరుదు. తండ్రి ప్రోలుడేమో చాళుక్య తైలపుణ్ణి యుద్ధంలో ఏనుగు మీద ఉండగా పట్టుకుని, భక్తితో, ప్రేమతో వదిలేశాడని ఉంది. మనవడి దగ్గరికి వచ్చేసరికి చాళుక్యుణ్ణి ప్రభువుగా చెప్పుకోవడమే లేదు. మూడు తరాల్లో ఏం జరిగిందో ఒకే రాతి మీద తెలుస్తోంది. అందుకే చరిత్రకారులు దీన్ని కాకతీయుల స్వాతంత్ర్యానికి సాక్ష్యంగా తీసుకుంటారు. అయినా బిరుదుల్లో మాత్రం సామంతుల నాటి పాత "మహామండలేశ్వర" అలాగే ఉండిపోయింది!

పొద్దుపొడుపు
ఆదివారం, ఉదయం 8:05

శక లెక్క నేను చెప్తా, పంచాంగం నా పిచ్చి.

మీరూ తప్పు కాదు, పుస్తకాలూ తప్పు కాదు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. చైత్రం నుంచి మార్గశిరం, పుష్యం వరకూ 78 కలిపితే సరిపోతుంది. తర్వాత జనవరి వచ్చేస్తుంది కాబట్టి 79 కలపాలి. ఈ శాసనం తిథి చిత్రభాను సంవత్సరం మాఘ శుద్ధ త్రయోదశి. మాఘమాసం కాబట్టి 1163 జనవరి 19.

నమ్మకం లేకపోతే సంవత్సరం పేరుతో సరిచూసుకోండి. మనకి చిత్రభాను 2002 ఉగాదికి వచ్చింది. అరవై చొప్పున పద్నాలుగుసార్లు వెనక్కి వెళ్తే 1162 ఉగాది. ఆ ఏడాది మాఘం 1163లో పడింది.

అసలు మజా వారంలో ఉంది. అందులో "వడ్డవారము" అని ఉంటుంది చూడండి. ఏ వారమో కనుక్కున్నారా?

రాతిబాట
ఆదివారం, ఉదయం 8:30

చూశా! "వడ్డ" అని కనబడితే తప్పు చదివానని కొట్టేశా. ఏ వారం అది?

పొద్దుపొడుపు
ఆదివారం, ఉదయం 8:42

శనివారం. పాత తెలుగు, కన్నడ శాసనాల్లో శనివారాన్ని అలా అనేవారు. ఈ మాట ఇప్పుడు మన నోట్లో లేదు. 1163 జనవరి 19 ఏ వారమో నేను చేత్తో లెక్కవేశా, శనివారమే వచ్చింది. శకం, సంవత్సరం పేరు, తిథి, వారం నాలుగూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తున్నాయి. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి లెక్క ఇలా తాళం చెవిలా పడితే నాకు ఆ పూటంతా పండగే.

రామప్ప శాసనం కూడా సరిచూడండి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు వేయించినది. శక 1135 శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. చైత్రం కాబట్టి 78 చాలు, 1213. మార్చి 31 ఆదివారమే అయింది.

మీరు "వడ్డ"ని కొట్టేయడం గురించి ఒక మాట. అర్థం కాలేదని అక్షరాన్ని కొట్టేయకండి. కనబడింది కనబడినట్టు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

కృష్ణవేణి
ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను సూటిగా ఒకటి అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇందులో సామాన్యులకి ఏముంది? శత్రువుల భార్యల వైధవ్యం, తలలు నరకడం, ఏనుగులు. సంస్కృతంలో రాస్తే ఊళ్ళో ఎంతమందికి అర్థమై ఉంటుంది? రాజు తనని తాను పొగిడించుకున్న రాయిని చూసి మనం ఇంత పొంగిపోవాలా?

గోదారిగట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ప్రశస్తిలో అతిశయోక్తి ఉంది, కాదనను. కానీ తేదీ, బిరుదులు తెలుగు వచనంలో ఉన్నాయి చూడండి. శాసనాల్లో ఇది మామూలు పద్ధతి. వంశకీర్తి దేశదేశాల పండితులకి చేరాలని సంస్కృతంలో, ఊరి వాళ్ళకి తెలియాల్సింది తెలుగులో.

మోటుపల్లి శాసనం గురించి చెప్తా. బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర సముద్రతీరంలో వీరభద్రుడి గుడి. శక 1166, అంటే 1244-45, గణపతిదేవుడిది. వంశవర్ణన సంస్కృత శ్లోకాల్లో, వర్తకులకి ఇచ్చిన మాట తెలుగులో. దాని సారాంశం ఇది. ఓడ తుఫానుకి కొట్టుకొచ్చి తీరంలో పగిలితే, మునుపటి రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటే సాహసం చేసినవాళ్ళకి, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేం దయతో వదిలేస్తున్నాం. ఆ సుంకం ముప్పయ్యింటికి ఒకటి. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టునూలు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికి ఎంతో అక్కడే చెక్కారు. దాన్ని అభయశాసనం అంటారు. నావికుడికి అంతకన్నా అర్థమయ్యే మాట ఏముంటుంది?

శాసనప్రియ
ఆదివారం, మధ్యాహ్నం 3:30

గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన పద్ధతి నిజమే కానీ అన్నిచోట్లా కుదరదు. మల్కాపురం శాసనంలో వివరాలు కూడా సంస్కృతంలోనే ఉన్నాయి. కృష్ణవేణి గారికి నేను జవాబుగా చూపించాలనుకున్నది కూడా అదే.

అమ్మా, మీ ప్రశ్నలో న్యాయముంది. నా విద్యార్థులు కూడా ఇదే అడిగేవారు. తప్పు మనదే. మనం శాసనం అనగానే మొదటి పది శ్లోకాలు చదివి ఆపేస్తాం. పాఠ్యపుస్తకాలు కూడా రాజు ఎవరిని గెలిచాడో అంతవరకే తీసుకుంటాయి. తోక చదవరు. శాసనంలో ఊరి బతుకంతా తోకలోనే ఉంటుంది.

గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలంలో, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడికి కూతవేటు దూరంలో మల్కాపురం. అక్కడ విశ్వేశ్వరుడి గుడి ముందు పొడవాటి రాతిస్తంభం, పైన నంది. శక 1183, అంటే 1261, రుద్రమదేవి కాలం. గణపతిదేవుడి దీక్షాగురువు విశ్వేశ్వర శంభువు, గౌడదేశం నుంచి వచ్చిన గోళకీమఠమనే శైవమఠ ఆచార్యుడు. ఆయనకి గణపతిదేవుడు మందడం గ్రామం ఇస్తానన్నాడు, రుద్రమదేవి దాన్ని ఇచ్చి, దాంతోపాటు వెలగపూడినీ ఇచ్చింది. ఇంతవరకూ అందరూ చెప్తారు.

ఆ తర్వాత చదవండి. ఆ ఊళ్ళ ఆదాయం దేనికో ఒక్కొక్కటీ రాయించాడు ఆ ఆచార్యుడు. దేవుడికి, మఠంలో చదువుకునే పిల్లలకి, ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, సత్రానికి. ఋగ్యజుస్సామ వేదాలు చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం వంటివి చెప్పడానికి అయిదుగురు. ఒక వైద్యుడు. ఒక లెక్కలు రాసే కాయస్థుడు. వంటవాళ్ళు, నర్తకులు, మృదంగం వాయించేవాళ్ళు, ఊరి కాపలాదారులు. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవాళ్ళకి ఎవరికీ లేదనకుండా అన్నం పెట్టాలని రాసింది.

ప్రసూతిశాల అన్న మాట ఆ వరసలో మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. మా అమ్మమ్మ నలుగురు పిల్లల్ని కని ఇద్దర్ని పోగొట్టుకుంది. ఏడు వందల ఏళ్ళ క్రితం ఎవరో ఒక గుడి ఆదాయంలో కాన్పుల కోసం వాటా తీసి రాతి మీద రాయించారు. ఇది రాజు పొగడ్త కాదు కదమ్మా.

కృష్ణవేణి
ఆదివారం, సాయంత్రం 4:05

మేడమ్, మాది మందడం పక్క ఊరే. ఆ నంది స్తంభం పక్కనుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు. దాని మీద ఇదంతా ఉందని ఎవరూ చెప్పలేదు. మా నాన్న "అది రుద్రమ్మ రాయి" అనేవాడు, అంతే.

చండాలుడి దాకా అన్నం పెట్టాలని రాసిన మాట నాకు చాలా పెద్దది. కానీ ఒకటి, అన్నం పెట్టమన్నంత మాత్రాన చదువు కూడా అందరికీ చెప్పారని అనుకోను. వేదం చెప్పే ముగ్గురి దగ్గర ఎవరు కూర్చున్నారో మనకి తెలుసు. అది కూడా చదివినట్టే గుర్తుంచుకోవాలి.

శాసనప్రియ
ఆదివారం, సాయంత్రం 4:30

ఒప్పుకుంటున్నాను. రాయి రెండూ చెప్తోంది, రెండూ చదవాలి.

గుడిమెట్లు
ఆదివారం, రాత్రి 9:15

ఈ చర్చ చదువుతుంటే నా బాధ ఆగలేదు, అందుకే ఐడీ తెరిచి రాస్తున్నా. మా ఊరి శివాలయంలో గర్భగుడి పక్క గోడ మీద ఏడెనిమిది వరసల శాసనం ఉండేది. మా తాత దాని కింద కూర్చునే జపం చేసేవాడు. రెండేళ్ళ కిందట జీర్ణోద్ధరణ అని గుడి మొత్తం శుభ్రం చేయించి, ఆ గోడకి మెరిసే ఆయిల్ పెయింటు వేశారు. అక్షరాలు మూసుకుపోయాయి. అడిగితే "ఏవో పాత గీతలు, గుడి కళకళలాడొద్దా" అన్నారు. వాళ్ళది చెడ్డబుద్ధి కాదు, భక్తే. అందుకే ఇంకా బాధ. ఇప్పుడు ఏమన్నా చేయొచ్చా? పెయింటు గీకేద్దామని కొందరు కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

శాసనప్రియ
ఆదివారం, రాత్రి 9:28

గీకనివ్వకండి! దయచేసి ఈ రాత్రే ఫోన్ చేసి ఆపండి.

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 9:50

మేడమ్ చెప్పింది అక్షరాలా పాటించండి. పెయింటు కింద శాసనం ఇంకా ఉంది. ఇనుప బ్రష్షు, ఉప్పుకాగితం, యాసిడ్, ఇసుక కొట్టే మిషన్ తగిలితే మాత్రం ఉండదు. శాసనం లోతు చాలాచోట్ల గోరుమందం కూడా ఉండదు. పైపొర పోతే అక్షరం పోయినట్టే.

ముందు రాత్రిపూట గుడి కమిటీ వాళ్ళ అనుమతితో ఒక టార్చి తీసుకెళ్ళండి. ఎదురుగా కొట్టొద్దు. గోడకి ఆనించినట్టు పక్కనుంచి కొట్టండి. పెయింటు వేసినా పల్లాల్లో నీడ పడుతుంది. టార్చి నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి కొడుతూ, కెమెరా కదలకుండా ఫోటోలు తీయండి. ఒక వైపు వెలుగులో కనబడని గీత ఇంకో వైపు వెలుగులో లేస్తుంది.

తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. కేంద్ర పురావస్తు శాఖకి మైసూరులో శాసన విభాగం ఉంది, అక్కడికీ ఒక కాపీ పంపండి. దశాబ్దాల కిందట ఊరూరా తిరిగి శాసనాలకి అచ్చులు తీశారు. రాయిని నీళ్ళతో మెత్తగా కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో పల్లాల్లోకి దిగేలా కొట్టి, పైన సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. మీ ఊరి శాసనానికి అలాంటి అచ్చు ఎప్పుడో తీసి ఉండొచ్చు. ఊరి పేరు, పాత తాలూకా పేరు, దేవుడి పేరు రాసి అడగండి.

గుడిమెట్లు
ఆదివారం, రాత్రి 10:20

ఫోన్ చేశా, ఆగారు. మా తాత చెప్పేవాడు, చివరి వరసలో "శత్రు" అని రెండు మూడుసార్లు వస్తుందని. మా దేవుడి మీద శత్రువులు ఎందుకని చిన్నప్పుడు భయపడేవాణ్ణి. అది ఏమై ఉంటుంది?

శాసనప్రియ
ఆదివారం, రాత్రి 10:40

రాయి చూడకుండా ఖాయంగా చెప్పకూడదు. కానీ శాసనాల చివర వచ్చే ఒక శ్లోకం ఉంది, మీ తాతగారు చెప్పిన గుర్తు దానికి సరిపోతోంది:

శత్రుణాపి కృతో ధర్మః పాలనీయో మనీషిభిః
శత్రురేవ హి శత్రుః స్యాత్ ధర్మః శత్రుర్న కస్యచిత్

శత్రువు చేసిన ధర్మాన్నైనా బుద్ధిమంతులు కాపాడాలి. శత్రువు శత్రువే కావచ్చు, అతను చేసిన ధర్మం ఎవరికీ శత్రువు కాదు. దానం ఇచ్చిన రాజు పోయి, అతన్ని ఓడించినవాడు వచ్చినా ఆ దీపం ఆరకూడదని, ఆ పొలం లాక్కోకూడదని వచ్చేవాడికి చేసే విన్నపం ఇది. టార్చి వెలుగులో చివరి వరస ఫోటో వస్తే ముందు నాకు పంపండి నాయనా.

మాత్రాగణం
సోమవారం, ఉదయం 7:00

ఆ శ్లోకమే అయితే అనుష్టుప్పు. పాదానికి ఎనిమిది అక్షరాలు. సగం చెరిగిపోయినా ఖాళీలో ఎన్ని అక్షరాలు పట్టాలో లెక్క తెలుస్తుంది, ధైర్యంగా ఉండండి.

రాతిబాట
సోమవారం, రాత్రి 8:50

ఈ రోజు డ్యూటీ నుంచి నేరుగా గుడికి వెళ్ళా. నాలుగున్నరకి ఎండ ఏటవాలుగా పడుతోంది. మొన్న చదునుగా కనబడిన రాయి అక్షరాలతో నిండిపోయింది. "వర్గ" దగ్గర ఆ కొక్కెం నీడతో సహా లేచి కనిపించింది. పగులైతే సన్నగా పోతూ పోతూ మాయమవుతుంది, ఇది ఉలితో కొట్టినట్టు రెండు చివరలా తెగి ఉంది. ఇకమీదట తేడా మర్చిపోను.

పక్కన ఒకావిడ పాపనెత్తుకుని నిలబడి "ఏం రాసుంది బాబూ" అని అడిగింది. వైధవ్యం గురించి చెప్పాలనిపించలేదు. "ఈ గుడి శివుడికీ, విష్ణువుకీ, సూర్యుడికీ కట్టించారని, ఫలానా శనివారం నాడని రాసుంది" అని చెప్పా. ఆవిడ పాప చేయి పట్టుకుని రాయి వైపు దణ్ణం పెట్టించింది.

శాసనాన్ని రాసిన కవి పేరు అచింతేంద్రుడు అని చదివాను, కొన్ని పుస్తకాల్లో అచితేంద్రుడు అని ఉంది. సున్న ఉందో లేదో రాతి మీదే చూద్దామని వెతికా, ఆ వరస దొరికేలోపు గేటు మూసే టైమైంది. శాసనప్రియ మేడమ్ చెప్పినట్టు ఈసారి తోక నుంచి మొదలుపెడతా. ఆదివారం వెళ్తున్నా, ఎవరైనా వరంగల్ చుట్టుపక్కల ఉంటే రండి.

కృష్ణవేణి
సోమవారం, రాత్రి 9:30

వరంగల్ నాకు దూరం. కానీ ఆదివారం మా నాన్నని తీసుకుని మల్కాపురం వెళ్తున్నా. మేడమ్, "ప్రసూతి" అన్న మాట పాత లిపిలో ఎలా ఉంటుందో ఒక కాగితం మీద రాసి ఫోటో పెడతారా?